టిఫా స్కాన్‌లో గుండె లోపం అన్నారు, 19 వారాల 5 రోజులు: ఎన్‌ఐపీటీయా, ఉమ్మనీటి పరీక్షా? చేతిలో ఎన్ని రోజులున్నాయి?

నాగోలు_శైలజ:

నమస్కారం అండి. మా చెల్లెలి గురించి అడుగుతున్నాను. వయసు 29, తొలిచూలు. ఈరోజే టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే స్కాన్) అయింది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా, తెలిసినవాళ్లు చూసి చెప్పండి.

చివరి నెలసరి లెక్కన 21 వారాల 0 రోజులు. మూడో నెలలో తీసిన ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలిచేది) లెక్కన 19 వారాల 5 రోజులు. గుండె: కంప్లీట్ ఏవీ సెప్టల్ డిఫెక్ట్ (ఏవీఎస్‌డీ), బ్యాలెన్స్‌డ్. ముక్కు ఎముక వారాలకు తగ్గట్టు లేదు, చిన్నది. మిగతా అవయవాల్లో తేడా కనబడలేదు, ఉమ్మనీరు సరిపడా ఉంది. కింద ‘ఫీటల్ ఎకో, జెనెటిక్ కౌన్సెలింగ్, ఇన్వేసివ్ టెస్ట్ సూచించడమైనది’ అని రాశారు (ఎకో అంటే బిడ్డ గుండెకు విడిగా చేసే స్కాన్, ఇన్వేసివ్ అంటే సూదితో నమూనా తీసే పరీక్ష అట).

మూడో నెల డబుల్ మార్కర్‌లో (బిడ్డకు క్రోమోజోము తేడా ఉండే ప్రమాదాన్ని అంచనా వేసే తల్లి రక్తపరీక్ష) ‘లో రిస్క్, 1:1400’ అని వచ్చింది. చెల్లిది ఓ నెగెటివ్, మరిదిది బీ పాజిటివ్. మేనరికం. అన్నీ ముందే రాసేశాను.

అడగాల్సినవి మూడు. లో రిస్క్ అని చెప్పాక ఇప్పుడు ఇలా ఎలా వచ్చింది? ఎన్‌ఐపీటీ రక్తపరీక్ష చేయించాలా, నేరుగా ఉమ్మనీటి పరీక్షకు వెళ్లాలా? ఏ నిర్ణయానికైనా మాకు ఎన్ని రోజులున్నాయి?

భరత్_మల్కాజిగిరి:

ముందు ఎన్‌ఐపీటీ చేయించండి అక్కా. తల్లి రక్తం తీస్తే చాలు, కడుపులో సూది గుచ్చే పని లేదు. 99 శాతం కచ్చితం అని ల్యాబ్‌వాళ్లు రాస్తున్నారు కదా.

స్కాన్‌గది:

భరత్ గారూ, మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ రిపోర్టుకు ఎన్‌ఐపీటీ సరిపోదు. ఎందుకో చెప్తాను.

ఎన్‌ఐపీటీలో చూసే డీఎన్‌ఏ ముక్కలు బిడ్డవి కావు, మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చినవి. ఏ లోపమూ కనబడనప్పుడు జల్లెడ పట్టడానికి అది చాలా మంచి పరీక్ష. ఆ 99 శాతం డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము రెండు బదులు మూడు ఉండడం) ఉన్న కేసుల్ని పట్టుకునే శక్తికి సంబంధించిన అంకె. మీ బిడ్డ గురించి 99 శాతం తేల్చి చెప్తుందని దానికి అర్థం కాదు. ఇక్కడ స్కాన్‌లో లోపం కంటికి కనిపించింది. ఎన్‌ఐపీటీ రిపోర్టుకు వారం నుంచి పది రోజులు పడుతుంది. హై రిస్క్ వస్తే, తేల్చుకోవడానికి మళ్లీ ఉమ్మనీటి పరీక్షే చేయాలి. లో రిస్క్ వచ్చినా మిగతా క్రోమోజోముల్లో చిన్న ముక్కలు తెగిపోవడం లాంటివి దానికి సరిగా దొరకవు కాబట్టి అప్పుడూ ఉమ్మనీటి పరీక్షే. ఎటు తిరిగినా చేరేది అక్కడికే, మధ్యలో పది రోజులు పోతాయి.

శైలజ గారూ, మీ మొదటి ప్రశ్న. డబుల్ మార్కర్ కాగితం ఒకసారి తీసి చూడండి. ఎన్‌టీ అనే గడి ఖాళీగా ఉందా? రక్తంలోని రెండు హార్మోన్లతో పాటు అదే రోజుల్లో కొలిచిన ఎన్‌టీ, పిండం పొడవు, తల్లి వయసు, బరువు అన్నీ కలిపి లెక్క కడితేనే పదింట తొమ్మిది డౌన్ కేసులు దొరుకుతాయి. రక్తం ఒక్కదాంతో లెక్క కడితే దాదాపు మూడింట రెండొంతులే. చాలాచోట్ల రక్తం ఒక ల్యాబ్‌కు, స్కాన్ ఇంకో సెంటర్‌కు వెళ్తుంది, రెండూ కలిపేవాళ్లు ఉండరు. అన్నీ సరిగ్గా కలిపినా 1:1400 అంటే అలాంటి 1400 మందిలో ఒకరికి ఉండొచ్చని. లేదని కాదు. ఆ పాత అంకెను ఇక పక్కన పెట్టేయండి. ఈరోజు కనిపించిన గుండె దాన్ని పూర్తిగా మార్చేసింది.

గుండె సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఫీటల్ ఎకోలో డాక్టర్ తెర మీద చూపించినప్పుడు మీకు అర్థమవుతుంది. మామూలు గుండెను అడ్డంగా చూస్తే నాలుగు గదులు, మధ్యలో కూడలిలాంటి చోటు కనబడతాయి. ఆ కూడలి దగ్గర రెండు వాల్వులు ఉంటాయి. అవి సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కుడివైపు వాల్వు ఇంచుక కిందికి, కొసవైపుకి దిగి అతుక్కుంటుంది. ఆ చిన్న మెట్టు కనబడితే ఊపిరి పీల్చుకుంటాం. ఏవీఎస్‌డీలో ఆ మెట్టు ఉండదు. వాల్వులు మూసుకున్నప్పుడు గుండె మధ్యలో ఒకే తిన్నని గీత కనిపిస్తుంది, తెరుచుకున్నప్పుడు కూడలి ఉండాల్సిన చోట ఖాళీ కనబడుతుంది. పై గదుల మధ్య గోడ కిందిభాగం, కింది గదుల మధ్య గోడ పైభాగం రెండూ కలవలేదన్నమాట, రెండు వాల్వుల బదులు ఒకటే ఉమ్మడి వాల్వు ఉంది.

‘బ్యాలెన్స్‌డ్’ అన్న మాట చాలా విలువైనది. రెండు కింది గదులూ సమానంగా పెరిగాయని, పుట్టాక ఆపరేషన్‌తో గుండె రెండు వైపులా పనిచేసేలా నిలబెట్టే వీలుందని. ఎకోలో దీన్ని మళ్లీ ఖాయం చేయించుకోండి. దాంతోపాటు నాలుగు అడగండి: ఉమ్మడి వాల్వు ఎంత లీకవుతోంది, గుండె వేగం ఎంత, గుండె నుంచి బయటికి వెళ్లే రెండు పెద్ద రక్తనాళాలు సరైన చోటే ఉన్నాయా, కడుపులో పొట్ట, కాలేయం, పెద్ద సిరలు ఏ పక్కన ఉన్నాయి. ఈ చివరిది ఎందుకంటే, అవయవాలు తారుమారైన బిడ్డల్లో ఏవీఎస్‌డీ ఉంటే క్రోమోజోములు చాలావరకు మామూలుగానే ఉంటాయి, కానీ గుండె పరిస్థితి ఎక్కువ జటిలం. అలాంటి తారుమారు లేనప్పుడు, కడుపులో కనిపెట్టిన ఏవీఎస్‌డీ కేసుల్లో సుమారు సగం మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. మీ రిపోర్టులో ముక్కు ఎముక కూడా చిన్నది, కాబట్టి తక్కెడ అటు వైపు ఇంకొంచెం మొగ్గుతుంది. తేల్చేది మాత్రం ఉమ్మనీరే.

ఇక రోజుల లెక్క. నెలసరి లెక్కకూ ఎన్‌టీ స్కాన్ లెక్కకూ 9 రోజుల తేడా ఉంది. మొదటి మూడు నెలల్లో కొలిచిన పిండం పొడవుతో తేడా 7 రోజులు దాటితే స్కాన్ తేదీనే పట్టుకోవాలి. అంటే ఈరోజు 19 వారాల 5 రోజులు, గర్భం ఆపుకోవాలనుకుంటే మామూలు చట్టపు గడువైన 24 వారాలకు ఇంకా 30 రోజులు. నెలసరి ప్రకారం పోతే 21 రోజులే. ఏ ఆసుపత్రిలోనైనా కౌంటర్ దగ్గర నెలసరి తేదీ అడిగి అదే రాసేస్తారు. కాబట్టి ఎన్‌టీ స్కాన్ అసలు కాగితం ఫైలులో అన్నిటికన్నా పైన ఉండాలి. డాక్టరుతో ‘స్కాన్ తేదీ ప్రకారం’ అని కేసు షీటు మీద రాయించుకోండి. దీన్ని పట్టించుకోక తర్వాత ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

జెనెటిక్స్_వేణి:

పై సమాధానానికి పరీక్ష వైపు నుంచి కలుపుతున్నాను.

ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక ఎప్పుడైనా చేయొచ్చు, మీరు సరైన సమయంలోనే ఉన్నారు. పరగడుపున వెళ్లక్కర్లేదు, టిఫిన్ చేసే వెళ్లండి. బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ రిపోర్టులు అడుగుతారు. గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద సమ్మతి పత్రం మీద మీ చెల్లెలు సంతకం పెట్టాలి. అది ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టమే చెప్తోంది, తెలుగు కాగితం అడగండి, చదివాకే సంతకం పెట్టమనండి. ఆడా మగా అన్నది ఏ రిపోర్టులోనూ రాయరు. దాన్ని అడగొద్దు, అడిగించొద్దు.

పొట్ట మీద చల్లగా యాంటీసెప్టిక్ పూస్తారు. స్కాన్ ప్రోబు ఒక చేత్తో పట్టుకుని, మాయ తగలని చోటు, బిడ్డకు దూరంగా నీళ్లు నిండుగా ఉన్న చోటు చూసుకుని, 22 గేజ్ సన్నని పొడవాటి సూది దింపుతారు. తెర మీద సూది మొన తెల్లటి చుక్కలా మెరుస్తుంది, దాన్నుంచి కన్ను తీయకుండానే పని జరుగుతుంది. మొదట వచ్చే ఒకటి రెండు మిల్లీలీటర్లు పక్కకు తీసేస్తారు, దారిలో అంటుకున్న తల్లి కణాలు అందులో ఉంటాయి కాబట్టి. తర్వాత సిరంజి మార్చి 20 మి.లీ. దాకా తీస్తారు. లేత గడ్డి రంగులో ఉంటే మంచి నమూనా. ఈ వయసుకు లోపల 300 మి.లీ. పైనే నీళ్లుంటాయి, తీసినంతా మళ్లీ ఊరుతుంది. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. నొప్పి ఇంజెక్షన్ అంత, పైగా గర్భసంచి పట్టేసినట్టు ఒక బిగువు. అయ్యాక బిడ్డ గుండె కొట్టుకోవడం చూపిస్తారు, అరగంట కూర్చోబెట్టి పంపిస్తారు.

గర్భం పోయే ప్రమాదం అనుభవమున్న చేతుల్లో 200 మందిలో ఒకరికన్నా తక్కువ. వారం రోజులు మంచం మీదే పడుకోవడం వల్ల అది ఇంకా తగ్గదు. రెండు రోజులు బరువులు ఎత్తకుండా, దూరప్రయాణం లేకుండా ఉంటే చాలు. కింది నుంచి నీళ్లు కారడం, రక్తం కనబడడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, ఆగని నొప్పి, వీటిలో ఏదొచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి.

మీ చెల్లెలిది ఓ నెగెటివ్, భర్తది పాజిటివ్ కాబట్టి ముఖ్యమైన పని ఒకటుంది. సూది ముందు ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష (బిడ్డ పాజిటివ్ రక్తానికి వ్యతిరేకంగా తల్లి రక్తంలో యాంటీబాడీలు పుట్టాయా అని చూసేది) చేయించాలి. అది నెగెటివ్ అయితే, సూది తర్వాత 72 గంటల్లోపు, అవి పుట్టకుండా ఆపే యాంటీ-డీ 300 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ పడాలి. అదే రోజు, అక్కడే వేయించుకుని బయటికి రండి. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు, ప్రతి మెడికల్ షాపులోనూ దొరకదు, ముందే ఫోన్ చేసి తెప్పించి పెట్టించండి. గర్భం కొనసాగితే 28వ వారంలో వేసేది వేరే, ఇది వేశారని దాన్ని మానకూడదు.

నమూనాను ఏ పరీక్షకు పంపాలో అడిగి రాయించుకోవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ‘కేరియోటైప్’ (క్రోమోజోములను మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) ఒక్కటే టిక్ పెట్టి పంపిస్తే కణాలు పెరగాలి, రంగు వేయాలి, లెక్కపెట్టాలి, మొత్తం రెండు మూడు వారాలు. ఎల్లుండి సూది పడితే 20 వారాలు, మూడు వారాలకు 23 వారాలు, గడువుకు వారమే మిగులుతుంది. ఈలోగా కణాలు పెరగకపోతే మొదటికొస్తుంది. అందుకని ఇలా అడగండి: క్యూఎఫ్-పీసీఆర్ వెంటనే పెట్టాలి, అదే రోజు కల్చర్ (కణాల పెంపకం) కూడా మొదలుపెట్టి ఉంచాలి. క్యూఎఫ్-పీసీఆర్‌కు కణాలు పెరగక్కర్లేదు, మూడు నాలుగు పనిరోజుల్లో 13, 18, 21 క్రోమోజోముల సంగతి తేలిపోతుంది.

21వ క్రోమోజోము మూడుంటే మైక్రోఅర్రే (క్రోమోజోముల్లో చిన్న ముక్కలు తగ్గినా పెరిగినా పట్టే పరీక్ష) ఖర్చు అనవసరం. కల్చర్‌లో ఉన్న కణాలతో కేరియోటైప్ పూర్తి చేయిస్తే చాలు. అదెందుకంటే డౌన్‌లో నూటికి 95 కేసులు విడిగా అదనపు క్రోమోజోము ఉన్నవి, వచ్చే కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి చుట్టూ ఉంటుంది. మూడు నాలుగు శాతం కేసుల్లో మాత్రం ఆ 21 ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అలా ఉంటే తల్లిదండ్రులిద్దరి రక్తమూ చూడాలి. తల్లి ఆ అతుకును మోస్తుంటే వచ్చే కాన్పులో ప్రమాదం 10–15 శాతం దాకా వెళ్తుంది. ఈ తేడా క్యూఎఫ్-పీసీఆర్ చెప్పదు, మైక్రోఅర్రే కూడా చెప్పదు.

క్యూఎఫ్-పీసీఆర్ మామూలుగా వస్తే ఆగకుండా మైక్రోఅర్రేకు వెళ్లమనండి, సుమారు రెండు వారాలు. స్కాన్‌లో లోపం ఉండి కేరియోటైప్ మామూలుగా ఉన్న బిడ్డల్లో నూటికి ఆరుగురి దాకా మైక్రోఅర్రేలో కారణం దొరుకుతుంది. ‘అర్థం తేలని మార్పు’ అని రాసే అవకాశమూ ఉంది, అప్పుడు అమ్మానాన్నల రక్తంతో పోల్చాలి. అందుకే సూది రోజే ఇద్దరి రక్తమూ ఊదా మూత ట్యూబుల్లో రెండు మూడు మి.లీ. చొప్పున ఇచ్చేయండి. తల్లి రక్తం ఎలాగూ కావాలి, ఉమ్మనీటిలో ఆమె కణాలు కలవలేదని నిర్ధారించడానికి.

చివరగా, నమూనా ఎప్పుడు ల్యాబ్‌కు కదులుతుందో అడగండి. కణాలు బతికుండాలి, గడ్డకట్టించకూడదు. శనివారం మధ్యాహ్నం తీసి సోమవారం దాకా బల్ల మీద ఉంచిన ట్యూబుల్లోనే కల్చర్ ఎక్కువగా చెడిపోతుంది. వారం మొదట్లో పొద్దుటిపూట అపాయింట్‌మెంట్ దొరికితే అదే తీసుకోండి. ట్యూబు మీద పేరు, తేదీ మీ ఎదుటే రాయించండి.

హైదరాబాద్‌లో ఈ విషయంలో నిలకడగా పనిచేసే చోట్లు కొన్ని ఉన్నాయి. పంజగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీతో కలిసి జన్యు పరీక్షలు చేస్తారు. మీకు నాగోలు నుంచి మెట్రోలో నేరుగా అమీర్‌పేట, అక్కడ రైలు మారితే పంజగుట్ట. ఫీటల్ మెడిసిన్ విభాగాలున్న ప్రసూతి ఆసుపత్రులూ నగరంలో ఉన్నాయి. వాటిలో సూది వేసే డాక్టరు, జెనెటిక్ కౌన్సెలర్, పిల్లల గుండె డాక్టరు ఒకే కప్పు కింద ఉన్న చోటు ఎంచుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

నాగోలు_శైలజ:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. డబుల్ మార్కర్ కాగితంలో ఎన్‌టీ గడి ఖాళీగానే ఉంది. ఇంకో రెండు సంగతులు. ‘మేనరికం చేసుకున్నారు కాబట్టే’ అని ఒకరు, ‘గ్రహణం రోజు బయటికొచ్చింది కాబట్టే’ అని ఒకరు చెల్లి ముందే అంటున్నారు. అది ఏడుస్తోంది. రెండోది, రిపోర్టు వచ్చాక ఏ దారికైనా చట్టం ఏం చెప్తుంది, సంతకాలు ఎవరెవరివి కావాలి?

జెనెటిక్స్_వేణి:

మేనరికం గురించి సూటిగా చెప్తాను, ఇది ఆ అమ్మాయికి చదివి వినిపించండి. డౌన్ సిండ్రోమ్‌కు మేనరికంతో సంబంధం లేదు. అండం తయారయ్యేటప్పుడు 21వ జత విడిపోకపోవడం వల్ల చాలావరకు అది జరుగుతుంది. తిన్నదాని వల్ల, చూసినదాని వల్ల, బండి మీద తిరగడం వల్ల జరగదు. గుండె గోడలు పదో వారం నిండేలోపే కట్టుబడిపోతాయి, చాలామందికి అప్పటికి వేవిళ్లు కూడా తగ్గవు. గ్రహణానికీ దానికీ పొత్తు లేదు. మనవాళ్లు గ్రహణం మొర్రి అని పేరు పెట్టిన పెదవి చీలిక కూడా గ్రహణం వల్ల వచ్చేది కాదు.

మేనరికం లెక్కకొచ్చేది వేరే చోట. తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న ఒకే లోపపు జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే బయటపడే జబ్బులుంటాయి. వాటిలో ఏవీఎస్‌డీతో వచ్చేది ఎల్లిస్ వాన్ క్రెవెల్డ్ సిండ్రోమ్, చేతులు కాళ్లు పొట్టిగా, చిటికెన వేలి పక్కన ఆరో వేలు ఉంటాయి. ఎకో రోజున స్కాన్ డాక్టరుతో ‘మేనరికం, తొడ ఎముక చేతి ఎముకల పొడవు, వేళ్లు మళ్లీ చూడండి’ అని చెప్పండి. అవి మామూలుగా ఉంటే ఆ అనుమానం చాలావరకు తగ్గుతుంది. తేడా ఉండి, క్రోమోజోములు మామూలుగా వస్తే అప్పుడు ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లోని అక్షరాలను చదివే పరీక్ష) మాట వస్తుంది, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి మైక్రోఅర్రే రిపోర్టు కోసం ఆగకుండా కౌన్సెలర్‌తో ముందే మాట్లాడండి.

వార్డు_సిస్టర్:

చట్టం వైపు నుంచి. 2021లో సవరించిన వైద్య గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు రాయాలి, బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్న కేసు ఆ వర్గంలోకి వస్తుంది. 24 వారాలు దాటాక, బిడ్డలో గణనీయమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తేనే. ఆ బోర్డులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు తప్పకుండా ఉంటారు. దరఖాస్తు అందిన 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, ఒప్పుకుంటే దరఖాస్తు అందిన 5 రోజుల్లోనే ప్రక్రియ జరగాలి. కాబట్టి 24 దాటితే దారి పూర్తిగా మూసుకుపోదు. కానీ సరిదిద్దగల గుండె లోపాన్ని బోర్డు ఎలా చూస్తుందన్నది ముందే చెప్పలేని విషయం, అందుకే 24 లోపు అన్నీ తేల్చుకోవడం మేలు.

సంతకం: 18 నిండిన మహిళ అయితే ఆమెది ఒక్కటే, ఫారం సీ అనే సమ్మతి పత్రం మీద. భర్త సంతకం, అత్తగారి సంతకం చట్టం అడగదు. కొన్ని ఆసుపత్రులు తమ అలవాటు కొద్దీ అడుగుతాయి, అది వేరే మాట. ఆమె పేరు, వివరాలు బయట పెట్టకూడదని కూడా అదే చట్టంలో ఉంది. అలాగే, ఆపుకోమని ఒత్తిడి పెట్టే హక్కు గానీ, ఉంచుకోమని ఒత్తిడి పెట్టే హక్కు గానీ డాక్టరుకూ లేదు, చుట్టాలకూ లేదు. కౌన్సెలింగ్‌లో కాసేపు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. గది నిండా మనుషులుంటే ఆమె మనసులో మాట బయటికి రాదు.

ఆపుకోవాలనే నిర్ణయమైతే తెలిసి ఉండాల్సినవి కొన్ని. ఈ నెలల్లో అది ఇంట్లో మాత్ర వేసుకునే పని కాదు. అనుమతి ఉన్న ఆసుపత్రిలో చేరాలి. మొదట ఒక మాత్ర ఇస్తారు, ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పులు తెప్పించే మాత్రలు. ప్రసవంలాగే జరుగుతుంది, నొప్పికి మందు అడిగితే ఇస్తారు, అడగండి. 22 వారాల దగ్గర నుంచి ముందుగా బిడ్డ గుండె ఆపే ఇంజెక్షన్ గురించి డాక్టరు మాట్లాడొచ్చు, అది వినడానికి సిద్ధంగా ఉండండి. బిడ్డను చూడాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, అప్పటికప్పుడు మనసు మార్చుకున్నా పర్వాలేదు. ఆ తర్వాత కూడా యాంటీ-డీ మళ్లీ వేయాలి. రెండో మూడో రోజు పాలు పడతాయి. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, ఆ క్షణానికి అమ్మాయి కుప్పకూలిపోతుంది. పాలు ఆగే మాత్ర డిశ్చార్జికి ముందే అడిగి తీసుకోండి. ఉద్యోగం చేస్తుంటే ప్రసూతి ప్రయోజనాల నిబంధనల కింద 6 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, డాక్టరు కాగితం మీద తేదీ స్పష్టంగా ఉండాలి.

పిల్లల_గుండె_డెస్క్:

కొనసాగించే దారి గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

బ్యాలెన్స్‌డ్ ఏవీఎస్‌డీ పుట్టగానే ప్రాణాల మీదికొచ్చే రకం కాదు. కడుపులో ఊపిరితిత్తులకు రక్తం పెద్దగా పోదు కాబట్టి బిడ్డ హాయిగా పెరుగుతుంది. గుండె లోపం ఉన్నంత మాత్రాన మామూలు కాన్పుకు అడ్డు లేదు. పుట్టాక నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువై ఆయాసం మొదలవుతుంది. పాలు తాగుతూ నుదుటి మీద చెమట పట్టడం, రెండు గుక్కలు తాగి ఆగిపోవడం, వారానికోసారి తూచినా బరువు పెరగకపోవడం, ఇవి చూడాలి. అంతదాకా మందులతో, ఎక్కువ బలమున్న పాలతో నడిపించి, మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. డౌన్ ఉన్న బిడ్డల్లో ఆరు నెలలు దాటనివ్వకూడదు, ఊపిరితిత్తుల రక్తనాళాలు తొందరగా గట్టిపడిపోతాయి. ‘కాస్త బరువు పెరగనిద్దాం’ అని ఏడాది దాటించి తెచ్చిన బిడ్డకు కొన్నిసార్లు ఆపరేషనే కుదరదు. సమయానికి చేసిన ఆపరేషన్ నుంచి ఎక్కువమంది పిల్లలు బాగా కోలుకుంటారు, కొందరికి వాల్వు లీకు మిగిలి పెద్దయ్యాక మళ్లీ పని పడుతుంది.

కడుపులో ఉండగా 28, 32 వారాల దగ్గర పెరుగుదల స్కాన్, ఎకో మళ్లీ చేయించండి. డౌన్ ఉంటే చిన్నపేగు మొదట్లో అడ్డు పడే లోపం ఈరోజు స్కాన్‌లో కనబడకపోయినా తర్వాత బయటపడొచ్చు, పొట్టలో రెండు బుడగల్లా కనిపిస్తుంది, ఉమ్మనీరు పెరుగుతుంది. అలాంటప్పుడు పిల్లల సర్జన్ ఉన్న చోటే కాన్పు కావాలి. పుట్టాక థైరాయిడ్, రక్తకణాల పరీక్ష, ఎకో మొదటి వారంలోనే.

డబ్బు సంగతి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు, పుట్టుకతో వచ్చే గుండె లోపాల ఆపరేషన్లు అందులో ఉన్నాయి. కార్డులో పేర్లు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక దిద్దించడం కష్టం. ఎదుగుదలకు శిక్షణ కోసం సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర సంస్థ ఉంది, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు పసితనం నుంచే తర్ఫీదు ఇస్తారు. నిర్ణయానికి ముందే ఒకసారి అక్కడికి వెళ్లి, ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి రావచ్చు. డౌన్ ఉన్న పిల్లల్లో నేర్చుకునే శక్తి ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది, అది కడుపులో ఉండగా ఏ పరీక్షా కొలవలేదు. ఈ మాట దాచకుండా చెప్పే కౌన్సెలర్ దొరికితే వాళ్ల దగ్గరే ఉండండి.

నాగోలు_శైలజ:

ఎల్లుండి పొద్దున 10 గంటలకు సూదికి, అదే ఆసుపత్రిలో మధ్యాహ్నం ఎకోకి అపాయింట్‌మెంట్ దొరికింది. మరిది కూడా వస్తున్నాడు. క్యూఎఫ్-పీసీఆర్, కల్చర్ రెండూ ఒకేసారి అని ఫోన్‌లోనే చెప్పాను, సరేనన్నారు. కూంబ్స్ పరీక్షకు రేపు రక్తం ఇస్తుంది.

జెనెటిక్స్_వేణి:

మంచిది. కూంబ్స్ రిపోర్టు రేపు సాయంత్రానికే చేతికొచ్చేలా అడగండి, లేకపోతే ఎల్లుండి సూది ఆపేస్తారు. యాంటీ-డీ వాళ్ల ఫార్మసీలో ఉందో లేదో ఈ రాత్రే కనుక్కోండి. లేకపోతే బయట కొన్నది ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తీసుకెళ్లండి, ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి.